పోలో జీటీ టీఎస్‌ఐ: సైలెన్సర్ మోత తగ్గాలి, 2500 దగ్గర హోరు పోవాలి

భీమవరం_టీఎస్‌ఐ

అన్నలూ, బండి 2017 పోలో జీటీ టీఎస్‌ఐ, 1.2 ఇంజను, డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్లు. స్టేజ్ 2 ట్యూన్ (పవర్ కోసం ఇంజను కంప్యూటర్ ప్రోగ్రాం మార్చడం) ఉంది. టర్బో నుంచి దిగే డౌన్‌పైపులో క్యాట్ (పొగ శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్) లేదు. అక్కణ్ణుంచి వెనకదాకా రెండున్నర అంగుళాల పైపు, మధ్య సైలెన్సర్ తీసేసి ఉంది, చివర గుండ్రటి క్యానన్ డబ్బా. దాని లావు 5 అంగుళాలు, పొడవు 16, లోపల సూటిగా జాలీ పైపు.

హైవే మీద 2300–2700 ఆర్పీఎం మధ్య లోపల బొయ్యిమని ఒకటే హోరు, వెనక సీట్లో వాళ్ళకి చెవులు దిబ్బళ్ళు పడుతున్నాయి. గట్టిగా తొక్కితే బయటికి బరబరమని గోనెపట్టా చింపినట్టు చప్పుడు. తెల్లవారుజామున స్టార్ట్ చేస్తే మొదటి నిమిషం టక్‌టక్‌మని కొట్టుకుంటుంది, వేడెక్కాక తగ్గిపోతుంది. యాక్సిలరేటర్ వదిలితే వెనక టపటపా పేలుళ్ళు. అవి ట్యూన్‌లో పెట్టించినవే, ఇప్పుడు వద్దు.

ఇక్కడ ఒక షాపులో డబ్బా మార్చమంటారు, ఇంకో షాపులో స్టీలు పీచు కుక్కుదామంటారు, మరొకరు బూట్‌లో డ్యాంపింగ్ షీట్లు వేయమంటున్నారు. పవర్ మరీ పోకుండా ఏది ముందు చేయించాలి?

ఆర్గాన్_బాబాయ్

నాలుగు రోగాలు రాశారు, నాలుగింటికీ మందులు వేరు. డబ్బా ఒక్కటి మార్చి అన్నీ పోతాయనుకుంటే డబ్బులు దండగ.

తెల్లారి టక్‌టక్ అంటే ఎక్కడో లీకు ఉంది. చల్లగా ఉన్నప్పుడు పైపుల్ని బోల్టులతో కలిపే ఫ్లాంజి సందు తెరుచుకుని ఉంటుంది, వేడికి ఇనుము సాగి మూసుకుపోతుంది, అందుకే నిమిషం తర్వాత వినపడదు. రాత్రంతా చల్లారిన బండిని లిఫ్ట్ ఎక్కించండి. వ్యాక్యూమ్ క్లీనర్‌ని గాలి ఊదే వైపు తిప్పి టెయిల్ పైపులో పెట్టి, చుట్టూ తడిగుడ్డ కుక్కండి. ఇప్పుడు టర్బో దగ్గర్నుంచి వెనకదాకా ప్రతి జాయింటు మీదా సబ్బునీళ్ళు కొట్టుకుంటూ రండి. బుడగలు లేచిన చోటే లీకు. లైటు వేసి చూస్తే అక్కడ నల్లటి మసి చార కూడా కనిపిస్తుంది. ముఖ్యంగా చూడాల్సినవి మూడు: టర్బోకీ డౌన్‌పైపుకీ మధ్య గ్యాస్కెట్, ఫ్లెక్సు పైపు అల్లిక కింద చీలిక, ఆక్సిజన్ సెన్సర్ బొడిపె చుట్టూ వెల్డింగు. ముందు సెన్సర్ దగ్గర్లో లీకుంటే చప్పుడుతో పోదు. బయటి గాలి లోపలికి పీల్చుకుని సెన్సర్ మిశ్రమం పలచనైందనుకుంటుంది, ఈసీయూ (ఇంజను కంప్యూటర్) అనవసరంగా పెట్రోలు పెంచుతుంది.

ఫ్లాంజి వంకరపోయి ఉంటే కొత్త గ్యాస్కెట్ వేసినా నెలకి మళ్ళీ ఊదుతుంది. స్టీలు స్కేలు ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టండి. సందు కనిపిస్తే లేత్ మీద మట్టం చేయించి, పొరల స్టీలు గ్యాస్కెట్ వేయండి. ఎర్ర సీలెంట్ ట్యూబు ఆ వేడికి నిలవదు.

పేలుళ్ళది పైపు పని కాదు, ట్యూనర్ పని. మామూలు బండిలో యాక్సిలరేటర్ వదలగానే పెట్రోలు ఆగిపోతుంది. మీ మ్యాప్‌లో (ట్యూన్ సెట్టింగుల్లో) ఆపకుండా వదిలి, ఇగ్నిషన్ వెనక్కి లాగి, మంటని పైపులోకి తోలుతున్నారు. పాత ఫ్యూయల్ కట్ తిరిగి పెట్టించండి. ఇదే ముందు జరగాలి, ఎందుకంటే తర్వాత మీరు క్యాట్ పెట్టాలి. ఆ పేలుళ్ళ మ్యాప్ ఉంచి క్యాట్ బిగిస్తే, కాలని పెట్రోలు దాన్లోనే కాలి లోపలి తేనెపట్టు కరిగిపోతుంది.

గోనెపట్టా చప్పుడు క్యాట్ లేకపోవడం వల్లా, మధ్య సైలెన్సర్ తీసేయడం వల్లా వచ్చేది. క్యాట్‌లో సన్నటి గొట్టాలు వేలకొద్దీ ఉంటాయి, వాటి మధ్య నుంచి పోయేసరికి గరగరలో చాలా భాగం అక్కడే చచ్చిపోతుంది. కంపెనీ క్యాట్ దాచి ఉంటే అదే మంచిది. లేకపోతే 200 సెల్ (చదరపు అంగుళానికి 200 గొట్టాలు) మెటల్ క్యాట్ వేయించి, వెనక సెన్సర్‌ని ట్యూన్‌లో మళ్ళీ పనిలో పెట్టించండి. దాని వెనక, బండి అడుగున పైపు పోయే సొరంగంలో 18 అంగుళాల రెసొనేటర్ (మధ్య సైలెన్సర్ లాంటిది), లోపల జాలీ పైపు, చుట్టూ ప్యాకింగ్. గుండ్రటిది వద్దు. మన ఊళ్ళలో ఎవరింటి ముందు వాళ్ళు కట్టుకున్న స్పీడ్ బ్రేకర్లకి అది ఆనుతుంది. 4 అంగుళాల ఎత్తుకి మించని ఓవల్ తీసుకోండి.

స్టీలు పీచు మాట అసలు వినకండి. గిన్నెలు తోమే పీచు ఆ వేడికి కొన్ని నెలల్లోనే పొడైపోయి జాలీ బొక్కల్లోంచి వెనక్కి ఎగిరిపోతుంది. కోనసీమలో ఉన్నాం కదా అని కొబ్బరి పీచు కుక్కేవాళ్ళు ఇంకా తయారవలేదు, సంతోషం.

గౌతమి_హెర్ట్‌జ్

హోరు సంగతి నేను చెప్తాను. నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజను ఒక్కో చుట్టుకి రెండుసార్లు పేలుతుంది. కాబట్టి ఆర్పీఎంని 30తో భాగిస్తే హెర్ట్‌జ్ వస్తుంది. 2500 దగ్గర 83. మీ 2300–2700 అంటే 77 నుంచి 90 మధ్య. ఆ శబ్దం అల పొడవు నాలుగైదు మీటర్లుంటుంది. 16 అంగుళాల క్యానన్‌లో ఉన్న మూడు సెంటీమీటర్ల మందం ప్యాకింగ్ దాన్ని ఏమీ చేయలేదు. ప్యాకింగ్ పీల్చేది పై స్థాయి గరగరనే. అందుకే డబ్బా తర్వాత డబ్బా మార్చినా హోరు అలాగే ఉండిపోతుంది.

దీనికి ఒక చివర మూసిన పక్క పైపు కావాలి. మెయిన్ పైపుకి టీ లాగా అతికించి, అల పొడవులో నాలుగో వంతు ఉంచితే, లోపలికెళ్ళిన అల మూత దగ్గర తిరిగి, సరిగ్గా ఎదురు తిరిగి బయటికొచ్చి అసలు దాన్ని కొట్టేస్తుంది. లెక్క ఇదీ: వేడి వాయువులో శబ్ద వేగం సెకనుకి మీటర్లలో కావాలంటే, సెల్సియస్‌కి 273 కలిపి, వర్గమూలం తీసి, 20.05తో గుణించాలి. పక్క పైపులో వాయువు ప్రవహించదు కాబట్టి మెయిన్ పైపు కన్నా చల్లగా ఉంటుంది. 150 డిగ్రీలనుకుంటే 412 మీటర్లు. దాన్ని 83కి నాలుగు రెట్లతో, అంటే 332తో భాగిస్తే 1.24 మీటర్లు. 100 డిగ్రీలైతే 1.17, 200 అయితే 1.31. ఉష్ణోగ్రత కచ్చితంగా ఊహించలేం. అందుకే ముందే పూర్తిగా అతకొద్దు. 1.10 నుంచి 1.35 దాకా జరిపేలా చివర ముక్క ఒకదాన్లో ఒకటి దూరేటట్టు చేయించి, క్లాంపు బిగించి, అరగంట నడిపి వేడెక్కాక వినండి. రెండేసి సెంటీమీటర్లు మార్చి చూసి, ఎక్కడ నిమ్మళిస్తే అక్కడ అతికించేయండి.

లావు కూడా మెయిన్ పైపంత ఉండాలి. ఒకటిన్నర అంగుళాలది పెడితే సరిగ్గా 2500 దగ్గర మాత్రమే పనిచేసి, 2350 దగ్గర మళ్ళీ మొదలవుతుంది. టెయిల్ పైపు చివరి 30–40 సెంటీమీటర్లలో పెట్టినా వృథా. అక్కడ ఒత్తిడి అల చచ్చిపోయి ఉంటుంది, కొట్టడానికి ఏమీ దొరకదు.

పని మొదలెట్టే ముందు ఫోన్‌లో స్పెక్ట్రమ్ చూపించే యాప్ ఒకటి వేసుకుని, పక్కన మనిషిని కూర్చోబెట్టి, హోరు గట్టిగా ఉన్న ఆర్పీఎం దగ్గర శిఖరం ఎన్ని హెర్ట్‌జ్ దగ్గరుందో రాయించండి. ఆర్పీఎం బై 30తో కలిస్తే అది ఎగ్జాస్ట్‌దే. కలవకపోతే ఇంకేదో వణుకుతోందన్నమాట. ఒక కిటికీ అంగుళం దించి కూడా చూడండి. దాంతో హోరు బాగా మారిపోతే క్యాబిన్ గాలీ, వెనక డోరూ కూడా పాలు పంచుకుంటున్నాయి.

కాకినాడ_జెట్టీ

ఇంత లెక్కలెందుకండీ. స్టాక్ వెనక డబ్బా ఉందా, అమ్మేశారా? ఉంటే రెండున్నర పైపు చివర కోన్ వేయించి దాన్నే తగిలించండి. క్యానన్ లోపల ఖాళీ మూడున్నర లీటర్లు దాటదు. 1.2 ఇంజనుకి వెనక డబ్బా పది పన్నెండు లీటర్లు ఉంటే గానీ లో-సౌండ్ లొంగదు. గదులు గదులుగా అడ్డ పలకలున్న డబ్బానే ఆ పని చేస్తుంది. టర్బో దగ్గర పైపు లావు ముఖ్యం, వెనక్కొచ్చేసరికి వాయువు చల్లారి కుంచించుకుపోతుంది, అక్కడ సన్నమైనా పోయే పవర్ తక్కువే.

ఇంకొకటి. క్యానన్ మూతిలో బోల్టుతో బిగించే సన్నటి గొట్టం బిరడా అమ్ముతారు, అది కొనకండి. చప్పుడు తగ్గుతుంది గానీ టర్బో వెనక ఒత్తిడి పెరుగుతుంది, ఎక్కువసేపు తొక్కితే వేడీ పెరుగుతుంది. దాని బోల్టు ఊడితే తూటాలా వెనకబండి అద్దం మీదికే.

భీమవరం_టీఎస్‌ఐ

అందరికీ థాంక్స్. సబ్బునీళ్ళు కొట్టి చూశాం, డౌన్‌పైపు పై ఫ్లాంజి దగ్గర బుడగలు, మసి రెండూ ఉన్నాయి. స్కేలు పెడితే మధ్యలో వెలుతురు కనపడింది. ఫోన్‌లో 2480 దగ్గర 83 హెర్ట్‌జ్ శిఖరం, అంటే లెక్క కలిసింది. కిటికీ దించితే పెద్ద తేడా లేదు. స్టాక్ వెనక డబ్బా అటక మీద ఉంది. క్యాట్ మాత్రం లేదు.

మూడు డౌట్లు. 1.24 మీటర్ల పైపు పోలో కింద ఎక్కడ పెట్టాలి? ఎగ్జాస్ట్‌కి హీట్ వ్రాప్ చుడితే చప్పుడు తగ్గుతుందంటున్నారు, నిజమేనా? క్యానన్‌లో ప్యాకింగ్ మార్చుకుని ఉంచుకుంటే ఎంత పడుతుంది?

లంక_గ్యారేజ్

వ్రాప్ వద్దు. చప్పుడు తగ్గేది చెవికి ఆనేంత కూడా ఉండదు. దాని అసలు పని వేడి ఆపడం. మన దగ్గర వానకాలం రోడ్డు మీద నిలిచిన నీళ్ళన్నీ పీల్చుకుని పైపుని తడిగుడ్డ చుట్టి కూర్చోబెడుతుంది. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి తిరిగే బండైతే లోపలి తుప్పు మీకు కనిపించేది వ్రాప్ విప్పినప్పుడే, అప్పటికి గోరు పెడితే దిగుతుంది.

పక్క పైపు సూటిగా ఉండక్కర్లేదు, వంచుకోవచ్చు. సొరంగంలో మెయిన్ పైపు పక్కనే ముందుకి తిప్పుకురండి. పొడవు మాత్రం మధ్యగీత వెంట కొలవాలి, వంపు లోపలి అంచు మీదో బయటి అంచు మీదో కొలిస్తే ఐదారు సెంటీమీటర్లు తప్పుతుంది. రెండు పైపుల మధ్య, బాడీకి మధ్య కనీసం 15 ఎంఎం సందుండాలి. ఇంజను ఊగినప్పుడు తగిలితే కొత్త చప్పుడు కొనుక్కున్నట్టే.

ఎవరూ చెప్పనిది ఒకటుంది: మూసిన కొస పైకి ఉండాలి, మెయిన్ పైపుకి అతికిన నోరు కిందికి. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీరు పుడుతుంది. బజారుకీ బడికీ తిరిగే బండిలో పైపు పూర్తిగా వేడెక్కదు, ఆ నీరంతా ఆవిరై పోకుండా లోపలే చేరుతుంది. మూసిన కొస పల్లంలో ఉంటే అక్కడే నిలిచిపోతుంది. గ్లాసుడు నీళ్ళు నిలిస్తే పైపు అంతమేర పొట్టయిపోయినట్టే, ట్యూనింగ్ తప్పి, పైపు హోరుని కొట్టే చోటు 2600కో 2700కో జరుగుతుంది, 2500 దగ్గర హోరు మళ్ళీ మొదలవుతుంది. జనం వేడి లెక్క తప్పిందనుకుని మళ్ళీ కోయిస్తారు. వెనక డబ్బా కూడా అంతే, పల్లంగా ఉన్న మూల 3 ఎంఎం బొక్క ఉందో లేదో చూడండి. అటక మీదున్న స్టాక్ డబ్బాని దించి అటూ ఇటూ ఊపండి. తుప్పు పొలుసులు గలగలమంటే లోపలి పలకలు పోయాయి, అది తగిలించి లాభం లేదు.

ప్యాకింగ్ లెక్క: మీ డబ్బా లోపలి వ్యాసం సుమారు 12.4 సెంటీమీటర్లు, జాలీ పైపు 6.35, పొడవు 40. పెద్ద గుండ్రంలోంచి చిన్నది తీసేస్తే మూడున్నర లీటర్ల ఖాళీ. లీటరుకి 100–120 గ్రాముల చొప్పున 350 నుంచి 420 గ్రాములు పడుతుంది. ముందు జాలీ మీద స్టెయిన్‌లెస్ ఊల్ (బాబాయ్ వద్దన్న గిన్నెల పీచు కాదు) ఒక చుట్టు, దాని మీద బసాల్ట్ గానీ పొడుగు పోగుల గ్లాస్ ఊల్ గానీ. స్టెయిన్‌లెస్ చుట్టు లేకుండా గ్లాస్ ఊల్ నేరుగా పెడితే వాయువు పోగులు తెంపుకుపోతుంది. బాగుంటుంది కదా అని 700 గ్రాములు దట్టించకండి, పరుపులా ఉండాల్సింది గోడలా తయారై శబ్దం లోపలికే దూరదు. చేతికి గ్లౌజులు, ముక్కుకి మాస్కు మర్చిపోవద్దు, ఆ దురద ఓ పట్టాన వదలదు.

ఆర్గాన్_బాబాయ్

గౌతమి గారి లెక్కతో నాకు పేచీ లేదు గానీ వరసతో ఉంది. పక్క పైపు ఆఖర్న. ఇప్పుడు క్యాట్, రెసొనేటర్, స్టాక్ డబ్బా మూడూ మారితే పైపు మొత్తం ఊగే తీరే మారుతుంది, హోరు 2500 నుంచి 2000కో 3000కో జరగొచ్చు, అసలు వినపడకుండానే పోవచ్చు. ముందే 1.24 కోసి అతికిస్తే రేపు దాన్ని గోడకి వేలాడదీసుకోవాలి.

గౌతమి_హెర్ట్‌జ్

ఒప్పుకుంటాను. 2500 దగ్గర 83 అన్నది మారదు, అది ఇంజను పేలే లెక్క. ఏ ఆర్పీఎం దగ్గర పైపు దానికి వంత పాడుతుందన్నదే మారుతుంది. ముందు ఆ మూడూ మార్చి, మళ్ళీ కొలిచి, అప్పటికీ ఉంటే కొత్త అంకెతో పైపు కోయించండి.

బయటి మోత కొలవాలంటే టెయిల్ పైపు మూతికి అర మీటరు దూరంలో, పైపు గీతకి 45 డిగ్రీల కోణంలో, మూతి ఎత్తులోనే ఫోన్ పట్టుకోండి, నేలకి 20 సెంటీమీటర్ల కన్నా కిందికి మాత్రం వద్దు. నిలబెట్టి 3750 ఆర్పీఎం. డీఎస్‌జీ అంతదాకా ఎక్కనివ్వకపోతే 3000 పెట్టుకోండి, ప్రతిసారీ అదే ఉండాలి. కాంపౌండ్ గోడ పక్కన కొలవద్దు, తిరిగొచ్చిన శబ్దం కూడా కలుస్తుంది. ఫోన్ చెప్పే అంకె నిజమైన డెసిబెల్ అనుకోకండి, ముందుకీ తర్వాతకీ తేడా చూడ్డానికే. 10 తగ్గితే చెవికి సగమైనట్టుంటుంది.

పాలకొల్లు_1.0

నాది 2021 పోలో, 1.0 టీఎస్‌ఐ. ఇదే లెక్క సరిపోతుందా?

గౌతమి_హెర్ట్‌జ్

సరిపోదు. మీది మూడు సిలిండర్లు, 40తో భాగించాలి. 2400 దగ్గర 60 హెర్ట్‌జ్ వస్తుంది, పక్క పైపు 1.7 మీటర్లు పడుతుంది. చిన్న బండి కింద అంత పొడవు పెట్టడం కష్టం. పెద్ద వెనక డబ్బాయే మీకు దారి.

చెరువుగట్టు_రూల్స్

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద శబ్దం, పొగ నిబంధనలు మీరితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. పైగా లైసెన్సు మూడు నెలలు పోతుంది. క్యాట్ లేని బీఎస్ 4 పెట్రోలు బండి ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం లోపు చూపించడం కష్టం, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గరే దొరికిపోతారు. నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్ద పరిమితి 45 డీబీ. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం.

మన దగ్గర ఇంకో చిక్కుంది. రాత్రిపూట నేల దగ్గర గాలి చల్లబడి, పైన వెచ్చగా ఉంటుంది, శబ్దం పైకి పోకుండా కిందికి వంగుతుంది. చెరువులూ, నీళ్ళు పెట్టిన చేలూ ఉంటే దాన్ని పీల్చుకునేదే లేదు. కాలవ గట్టు మీద మీరు తొక్కితే అవతలి ఊరివాళ్ళు కూడా తిడతారు.

భీమవరం_టీఎస్‌ఐ

డబ్బా ఊపి చూశాను, గలగల లేదు. వెల్డింగు చేయించేటప్పుడు ఏం చూసుకోవాలో అదొక్కటీ చెప్పండి బాబాయ్.

ఆర్గాన్_బాబాయ్

పైపు 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ అని బిల్లులో రాయించుకోండి. గేట్లకీ రెయిలింగులకీ వాడే 202 పైపు కూడా అలాగే తళతళలాడుతుంది, అయస్కాంతం రెండిటికీ అంటుకోదు కాబట్టి దాంతో తేడా తెలీదు. మన ఉప్పుగాలికి 202 త్వరగా చుక్కలు పడుతుంది.

304కి 304 అతకడానికి 308ఎల్ రాడ్డు, 304ని స్టాక్ డబ్బా పైపుకి కలపడానికి 309ఎల్. అతుకుతున్నంతసేపూ పైపు లోపల కూడా ఆర్గాన్ వదలమనండి, రెండు కొసలూ టేపు వేసి, ఒక చిన్న బొక్క ఉంచి. అది చేయకపోతే పైకి అతుకు బంగారంలా కనిపిస్తుంది, లోపల మాత్రం మాడిన పంచదారలా పొక్కిపోయి, కొన్నాళ్ళకి అక్కడే పగులుతుంది. షాపువాడు గ్యాసు దండగంటాడు, ఆ సిలిండరు ఖర్చేదో మీరే ఇచ్చుకోండి.

పైపులు బండి కింద టాకా వేసి, దించి బల్ల మీద పూర్తిగా అతికించాలి. టాకా వేసేముందు బ్యాటరీ నెగటివ్ తీసేయాలి, రెండు సెన్సర్లూ విప్పేయాలి, ఎర్త్ క్లాంపు అతుకు పక్కనే పైపుకే పెట్టాలి. ఇంజనుకో బాడీకో పెడితే కరెంటు ఎటుపోతుందో చెప్పలేం. జాయింట్లకి యూ-బోల్టు వద్దు, పైపుని నొక్కి నలిపేస్తుంది, మళ్ళీ విప్పలేరు. వెడల్పు పట్టీ క్లాంపు వేసి, పైపులు రెండు అంగుళాలు ఒకదాన్లో ఒకటి దూరాలి. వేలాడే రబ్బర్లు కంపెనీవే వేయండి. గట్టి పాలీయూరిథేన్‌వి వేస్తే పైపు వణుకంతా నేరుగా ఫ్లోర్‌లోకి ఎక్కుతుంది, ఇప్పటిదాకా పడ్డ కష్టం బూడిదలో పోసినట్టే. డ్యాంపింగ్ షీట్ల గొడవ తర్వాత చూసుకోవచ్చు. స్పేర్ వీలు గుంట మీద గుద్ది చూడండి, డబ్బా రేకులా మోగితే అక్కడికి మాత్రం 2 ఎంఎం బ్యూటైల్ షీటు వేయండి.

300 కిలోమీటర్లు తిరిగాక, బండి చల్లారాక, క్లాంపులూ ఫ్లాంజి నట్లూ ఒకసారి మళ్ళీ బిగించండి. వేడికి కొత్త గ్యాస్కెట్ కూర్చుని బోల్టులు వదులవుతాయి. ఆ పూట సబ్బునీళ్ళ డబ్బా కూడా దగ్గర పెట్టుకోండి.